గ్యాస్ కొట్టించే ముందు



ఏప్రిల్ వచ్చిందంటే కారు ఏసీ షాపుల ముందు బండ్లు బారులు తీరతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, వరంగల్‌లోనైనా, తిరుపతిలోనైనా పాత కారు తెచ్చినవారు చెప్పే మాట దాదాపు ఒక్కటే. "ఏసీ చల్లగా రావట్లేదండీ, గ్యాస్ అయిపోయినట్టుంది, కాస్త కొట్టండి." మెకానిక్ గేజి తగిలిస్తాడు, సిలిండరు తిప్పుతాడు, కాసేపట్లో పని అయిపోతుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. పదీ పదిహేనేళ్లు తిరిగిన ఆల్టో, శాంట్రో, వ్యాగన్ ఆర్, ఇండికా లాంటి కార్లలో చల్లదనం తగ్గడానికి గ్యాస్ తగ్గడం ఒక కారణం మాత్రమే. మిగతా కారణాల్లో చాలావాటికి గ్యాస్ సిలిండరుతో పనే లేదు. కొన్నింటికి షాపుతో కూడా పని లేదు, ఇంటి ముందు నీళ్ల పైపు చాలు. అందుకే ముందుగా చూడాల్సినవి ఏమిటో, గ్యాస్ దాకా వెళ్లక తప్పనప్పుడు ఆ పని ఎలా చేయించుకోవాలో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఒక సంగతి మనసులో నిలుపుకోవాలి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. కారు లోపలున్న వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు స్పిరిట్ దూదితో చేతిని తుడిస్తే ఆ చోట చల్లగా అనిపిస్తుంది కదా, స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాక్కుపోవడమే దానికి కారణం. కారు ఏసీలో ఆ పని చేసేది ఆర్-134ఏ అనే గ్యాస్. మామూలు గాలి పీడనంలో అది సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో అది సున్నా డిగ్రీలకు కాస్త పైన మరుగుతూ, బ్లోవర్ తోసే గాలిలోంచి వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ లాగి, గట్టిగా నొక్కి, బండి ముందుభాగంలో రేడియేటర్ ఎదుట ఉన్న కండెన్సర్‌లోకి పంపిస్తుంది. అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయర్‌లో తేమ పోగొట్టుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రం గుండా తిరిగి కాయిల్‌కు చేరుతుంది.

ఇందులో అసలు చిక్కు ముందుభాగంలోనే ఉంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలి 44 డిగ్రీలు ఉందనుకోండి. ఆ గాలికి వేడిని అప్పగించాలంటే గ్యాస్ అంతకంటే వేడిగా, 60 డిగ్రీల దాకా ఎక్కి ఉండాలి. పైగా ఆ గాలి కింద కాగిపోతున్న తారు రోడ్డు మీంచి వస్తుంది. కారు ఆగి ఉంటే ఇంజిన్ వేడి కూడా దానికి తోడవుతుంది. పారబోసే చోటే దారి మూసుకుపోతే లోపల ఎంత గ్యాస్ ఉండి ఏం లాభం? పాత కారు ఏసీ బాగుచేయడమంటే నా దృష్టిలో మొట్టమొదట ఈ దారిని తెరవడమే.

మీ కారు ఎప్పుడు చల్లగా ఉంటోంది, ఎప్పుడు ఉండటం లేదు అన్నది గమనించండి. హైవే మీద ఎనభైలో పోతుంటే హాయిగా ఉండి, ఊళ్లోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగగానే వెచ్చటి గాలి వస్తోందంటే కండెన్సర్ మీదుగా గాలి ఆడటం లేదని మొదటి అనుమానం. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే ఆ లోటును కప్పేస్తుంది. ఆగినప్పుడు భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది, అప్పుడే జబ్బు బయటపడుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది, అనుభవమున్న మెకానిక్‌లందరికీ తెలిసిందే. నీడలో బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ పూర్తిగా వేసి, లోపల మధ్య గాలి కన్నంలో ఒక థర్మామీటరు పెట్టండి. ఇంకొకరిని బండి ముందు నిలబెట్టి, జాలీలోంచి కండెన్సర్ మీద నీళ్లు సన్నగా చల్లించండి. ఒకటి రెండు నిమిషాల్లో గాలి బాగా చల్లబడిందంటే మీ బండికి కావలసింది గ్యాస్ కాదు. కండెన్సర్ శుభ్రం కావాలి, లేకపోతే ఫ్యాన్ సరిగ్గా తిరగాలి. ఎవరైనా సిలిండరు వైపు చెయ్యి చాచే ముందు ఈ ఒక్క పరీక్ష చేయమని అడగండి.

కండెన్సర్ రేకుల మధ్య ఎంత చెత్త చేరుతుందో దాన్ని విప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది. పొలాల పక్క రోడ్ల మీద నూర్పిళ్ల దుమ్ము, వర్షాకాలపు బురద, రాత్రి ప్రయాణాల్లో వచ్చి కొట్టుకునే పురుగులు అన్నీ అక్కడే అతుక్కుంటాయి. బయటికి కనిపించే ముఖం శుభ్రంగానే ఉంటుంది. కండెన్సర్‌కూ దాని వెనకున్న రేడియేటర్‌కూ మధ్య సందులో మాత్రం దుమ్ము దూదిలా పేరుకుని గాలిని ఆపేస్తుంది. పాత బండిలో ఒక్కసారైనా ఆ రెండింటినీ వేరుచేసి ఆ సందు కడిగించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మామూలు పైపు నీళ్లతో, వెనక నుంచి ముందుకు చెత్త బయటికి వచ్చేలా కడగాలి. వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి. అల్యూమినియం రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుంటుంది. ఇప్పటికే వంగినవాటిని సన్నటి పళ్లున్న దువ్వెనలాంటి పనిముట్టుతో ఓపిగ్గా నిలబెట్టవచ్చు. రేకులు పొడిపొడిగా రాలిపోతుంటే మాత్రం కండెన్సర్ మార్చక తప్పదు.

ఇక ఫ్యాన్. చాలా కార్లలో ఏసీ స్విచ్ వేసి కంప్రెసర్ టక్కున పట్టుకోగానే ఫ్యాన్ కూడా తిరగాలి. తిరిగితే సరిపోదు, గాలి లాగాలి. ఒక కాగితం తీసుకుని జాలీకి ఆనించి చూడండి, అతుక్కుని నిలబడాలి. జారి కింద పడితే ఫ్యాన్ మోటారు అరిగిపోయి నెమ్మదించి ఉండొచ్చు, రిలే కాళ్లు మాడి కరెంటు సరిగ్గా అందకపోయి ఉండొచ్చు. ఒక్కోసారి మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారై ఫ్యాన్ ఎదురు తిరుగుతుంటుంది. అప్పుడది గాలిని లాగే బదులు ముందుకు తోస్తుంది. చూడటానికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కాగితం పరీక్షలో ఇట్టే దొరికిపోతుంది.

కంపెనీవాళ్లు కండెన్సర్ చుట్టూ పక్కల సందుల్లో ఫోమ్ పట్టీలో రబ్బరు పట్టీలో పెడతారు. బంపరు దెబ్బతిని రిపేరు చేసినప్పుడు వాటిని తీసి అవతల పడేస్తుంటారు. అవి ఉత్తుత్తి అలంకారం కాదు. అవి లేకపోతే, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ దగ్గర కాగిన గాలి ఆ పక్క సందుల్లోంచి తిరిగి ముందుకు వచ్చి, ఫ్యాన్ ఆ వేడి గాలినే మళ్లీ కండెన్సర్ మీదుగా లాగుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మందపాటి ఫోమ్ ముక్కలతో ఆ సందులు మూయడం సులువు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మరమ్మతు పాత కారులో మరొకటి లేదని నా అభిప్రాయం. జాలీకి అడ్డంగా అదనపు లైట్లు, వెడల్పాటి బోర్డులు బిగించుకున్నవారు వాటిని తీసేస్తే మరీ మంచిది.

ఇప్పుడు ఎవరూ తలవని ఒక భాగం గురించి చెప్పాలి. అది హీటరు. మన మైదాన ప్రాంతాల్లో దాన్ని ఏడాదికి ఒక్కసారైనా వాడేవారు అరుదు. వాడకపోయినా అది డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉన్న డబ్బాలోనే, దాని పక్కనే కూర్చుని ఉంటుంది. దాదాపు 90 డిగ్రీల ఇంజిన్ నీళ్లు దానిలోంచి పోతుంటాయి. రెండింటి మధ్య ఒక రేకు తలుపు ఉంటుంది. నీలం గీత నుంచి ఎర్ర గీత వైపు మనం జరిపే మీట ఒక తీగతో ఈ తలుపును కదుపుతుంది. పదిహేనేళ్లలో ఆ తీగ బిగిసిపోతుంది, లేదా కొక్కెంలోంచి ఊడిపోతుంది. తలుపు అంచున అంటించిన స్పాంజి పొడై రాలిపోతుంది. బ్లోవర్ వేసినప్పుడు నల్లటి స్పాంజి పొడి మొహాన పడుతోందంటే అదే ఇది. మీట నీలం చివరన ఉన్నా లోపల తలుపు పూర్తిగా మూసుకోదు. కాయిల్ చల్లబరిచిన గాలిలో హీటరు గాలి కలిసిపోతుంది. అప్పుడు గ్యాస్ నిండుగా ఉంటుంది, కంప్రెసర్ బాగుంటుంది, గాలి మాత్రం గోరువెచ్చగా వస్తుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఇంజిన్‌కూ కారు లోపలి భాగానికీ మధ్యనున్న గోడలోంచి వెళ్లే రెండు హీటరు గొట్టాల్లో నీళ్లు వెళ్లే గొట్టాన్ని మెకానిక్ క్లాంపుతో తాత్కాలికంగా నొక్కిపెట్టి చూస్తే చాలు. కొద్ది నిమిషాల్లో గాలి నాలుగైదు డిగ్రీలు దిగిందంటే దొంగ దొరికినట్టే. కొందరు ఆ గొట్టాలను శాశ్వతంగా కలిపేసి హీటరును తప్పించేస్తారు. అది నాకు నచ్చదు. శీతాకాలం పొద్దున్నే అరకు వైపో ఆదిలాబాద్ వైపో వెళ్లినప్పుడు ముందు అద్దం మీద పొగమంచు విడిపించడానికి ఆ వేడి గాలి అవసరమవుతుంది. తీగ సరిచేయించండి, తలుపు స్పాంజి మార్పించండి, కుదరకపోతే గొట్టం మధ్యలో చేత్తో తిప్పుకునే ఒక వాల్వు పెట్టించండి.

గాలి చల్లగానే ఉంది కానీ వేగం లేదంటే సమస్య వేరు. మన పాత కార్లలో చాలావాటికి క్యాబిన్ ఫిల్టరు లేదు. పెట్టడానికి చోటున్నా కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ మూతతో వదిలేశారు. ఏళ్ల తరబడి మన రోడ్ల దుమ్మంతా నేరుగా తడి కాయిల్ మీద పడి బురదై ఎండిపోతుంది. ముక్క వాసన వస్తుంది, గాలి ఆడదు. ఫోమ్ స్ప్రే కొట్టి కడిగే పద్ధతి తేలికపాటి మురికికి పనికొస్తుంది. కాయిల్ ముఖమంతా మూసుకుపోతే విప్పి కడగాల్సిందే. అయితే విప్పాలంటే గ్యాస్ తీయాలి, కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డంతా ఊడదీయాలి. అందుకే ఆ పనిని గ్యాస్ పనితో కలిపి ఒకేసారి పెట్టుకోవడం తెలివైన పని. ఆ తర్వాత మాత్రం ఫిల్టరు పెట్టించండి. బ్లోవర్ నాలుగో నంబరు మీద తప్ప తిరగడం లేదంటే మోటారు మార్చమనకండి. చాలాసార్లు పోయేది రెసిస్టరు అనే చిన్న ముక్క.

మొదట్లో చక్కగా చల్లబడి, అరగంటయ్యాక గాలి సన్నబడిపోయి, ఏసీ కాసేపు ఆపి వేస్తే మళ్లీ వచ్చిందంటే కాయిల్ మీద మంచు గడ్డకడుతోందన్నమాట. సమయానికి కంప్రెసర్‌ను ఆపాల్సిన థర్మోస్టాట్ సెన్సరు పనిచేయడం లేదు. ఇక్కడ గ్యాస్ ఎక్కిస్తే ఫలితం ఉండదు.

కోస్తా వాళ్లకు ఒక మాట. మచిలీపట్నంలో 36 డిగ్రీలున్న రోజు రామగుండంలో 42 ఉన్న రోజు కంటే ఏసీకి కష్టంగా ఉండొచ్చు. ఉక్కపోత గాలిలోని తేమ కాయిల్ మీద నీరుగా మారేటప్పుడు తన వేడినంతా అక్కడ వదిలేస్తుంది. బండి కింద ఒక లీటరు నీళ్లు కారాయంటే, యూనిట్ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులతో సమానమైన వేడిని ఏసీ ఆ తేమ కోసమే మోసింది. కాబట్టి కారు కింద నీళ్ల చుక్కలు పడుతుంటే కంగారు పడకండి, అది ఆరోగ్యమే. ఉక్కపోత రోజున ఎంతసేపు ఏసీ వేసినా చుక్క పడకపోతే, ముందు ఎడమవైపు కూర్చున్నవారి కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే, నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయిందని తెలుసుకోండి. కింద నుంచి ఆ గొట్టాన్ని శుభ్రం చేయించకపోతే కొన్నాళ్లకు నేల రేకు తుప్పు పడుతుంది.

కంప్రెసర్ దగ్గర చూడాల్సినవి కొద్దే. బెల్టు వదులైందా, మ్యాగ్నెట్ క్లచ్ అరిగి జారుతోందా, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైర్లు తుప్పుపట్టి వోల్టేజి పడిపోతోందా అన్నవి చూపించండి. వోల్టేజి తగ్గితే క్లచ్ పట్టూ తగ్గుతుంది, ఫ్యాన్ వేగమూ తగ్గుతుంది. ఆల్టోలాంటి చిన్న కారు 796 సీసీ ఇంజిన్ మీద ఏసీ భారం ఎలాగూ ఎక్కువే కాబట్టి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు సరిగా ఉంచుకోవడం కూడా ఏసీ సంరక్షణలో భాగమే. శీతాకాలంలో వారానికి ఒకసారి పది నిమిషాలైనా ఏసీ వేయండి. గ్యాస్‌తో పాటే తిరిగే ఆయిలు కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలును తడుపుతుంది. నెలల తరబడి వాడకపోతే సీలు ఎండి గ్యాస్ కారుతుంది.

వాడే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత ఏసీకి మనం చేసే పెద్ద సాయం దాని మీద పడే భారాన్ని తగ్గించడమే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీలో మండుటెండ రోజుల్లో చేసిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. గంటసేపు ఎండలో ఆపిన కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో ఆపినవాటిలో గాలి 38, డ్యాష్‌బోర్డు 48 దగ్గరే ఉన్నాయి. చెట్టు నీడ విలువ ఎంతో ఈ అంకెలే చెబుతున్నాయి. పిల్లల్ని కారులో వదిలి ఒక్క నిమిషంలో వస్తానని వెళ్లకూడదని చెప్పేదీ ఇవే. నీడ దొరకనప్పుడు ముందు అద్దానికి లోపలి నుంచి మెరిసే అట్ట పెట్టండి. నల్ల ఫిల్ములు అంటించే ముందు మాత్రం చట్టం గుర్తుంచుకోండి. ముందు వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దూరాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధన. 2012లో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది.

ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ వేస్తే, 47 డిగ్రీల గాలినే అది చల్లబరచాల్సి వస్తుంది. బయట 40 ఉంటే బయటి గాలే నయం కదా. తలుపులు కాసేపు తీసి ఉంచి, తర్వాత వాటిని మూసి, అద్దాలు దించి ఓ రెండు నిమిషాలు నడపండి, లోపలి వేడి గాలి పోనివ్వండి. అప్పుడు అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట మార్చి, బ్లోవర్ గట్టిగా పెట్టండి. చల్లబడ్డాక బ్లోవర్ తగ్గించుకోండి. దూరప్రయాణంలో మధ్యమధ్య కాసేపు బయటి గాలి లోపలికి రానివ్వండి, లేకపోతే డ్రైవరుకు మత్తుగా ఉంటుంది. ఆగి ఉన్న కారులో ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు బిగించి ఏసీలో నిద్రపోవడం మాత్రం ఎన్నడూ చేయకండి. పాత బండిలో సైలెన్సరు ఎక్కడ చిల్లిపడి ఉందో, నేల రేకులో ఎక్కడ సందుందో మనకు తెలియదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా చల్లబడటం లేదంటే అప్పుడు గ్యాస్ మాట. కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోవడం సహజమే. నిరుడు నింపింది ఈ ఏడు లేదంటే మాత్రం ఎక్కడో కారుతోందన్నమాటే. కారే చోటు వెతకకుండా నింపడమంటే డబ్బును గాలికి వదలడమే.

గేజి గురించి ఒక సంగతి ప్రతి కారు యజమానికీ తెలియాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజిలో కనిపించే పీడనం లోపల ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. 40 డిగ్రీల వేడిలో లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా అది 130 పీఎస్ఐ దరిదాపుల్లోనే చూపిస్తుంది, నిండుగా ఉన్నా అంతే. ఏసీ నడుస్తున్నప్పుడు చూసే అంకెలు కూడా బయటి వేడిని బట్టి, కండెన్సర్ మురికిని బట్టి మారిపోతుంటాయి. అందుకే గేజి చూసి అంచనాతో నింపడం సరైన పని కాదు. గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. చిన్న కార్లలో అది చాలావరకు అర కిలో లోపే ఉంటుంది. మీ కారుకు ఎన్ని గ్రాములో బానెట్ కింద అంటించిన చీటీ మీదో, సర్వీసు పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఇంత కొద్ది మొత్తంలో యాభై గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. ఎక్కువైతే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎక్కువైన ద్రవం కండెన్సర్‌లో చోటు ఆక్రమించి పీడనాన్ని పెంచుతుంది, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ ఆయుష్షూ తగ్గుతుంది.

సరైన పని ఇలా సాగుతుంది. ఉన్న గ్యాస్‌ను యంత్రంతో వెనక్కి తీసుకుంటారు. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి ప్రతి జాయింటూ చూస్తారు. చాలాసార్లు దొంగ చాలా చిన్నది, సర్వీసు వాల్వులోని పిన్నో, కొద్ది రూపాయల్లో దొరికే ఓరింగో అయి ఉంటుంది. ఓరింగులు కొత్తవి వేస్తారు, డ్రయర్ మారుస్తారు. లైను తెరిచిన ప్రతిసారీ డ్రయర్ మార్చాల్సిందే, దానిలోని తేమ పీల్చే గుళికలు బయటి గాలి తగిలితే త్వరగా తడిసిపోతాయి. ఆ తర్వాత వాక్యూమ్ పంపు తగిలించి కనీసం అరగంట, ముప్పావుగంట నడపాలి. పీడనం బాగా పడిపోతే గొట్టాల్లో మిగిలిన తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది. ఐదు నిమిషాలు పంపు తిప్పి అయిపోయిందంటే ఒప్పుకోకండి. మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, ఆయిలుతో కలిసి లోపలి లోహాన్ని తింటుంది. చివరగా కంప్రెసర్‌కు కావాల్సిన పీఏజీ ఆయిలు కొలిచి వేసి, గ్యాస్ తూచి ఎక్కించాలి. బిల్లులో ఎన్ని గ్రాములో రాయించుకోండి.

కారడం ఆపుతాయని అమ్మే డబ్బా మందులు వద్దు. అవి లోపల గట్టిపడి వాల్వును, షాపువారి యంత్రాన్ని కూడా పాడుచేస్తాయి. చవగ్గా వస్తుందని వంటగ్యాస్ జాతి వాయువులు నింపేవాళ్లు కూడా ఉన్నారు. చల్లదనం వస్తుంది, నిజమే. కానీ ఆ గొట్టాలు ఇంజిన్ వేడి పక్కనుంచి పోతాయి, కాయిల్ మీరు కూర్చున్న గదిలో ఉంటుంది. అందులో నిప్పంటుకునే వాయువు నింపడం ప్రాణాలతో ఆట.

అన్నీ సరిచేశాక ఎంత చల్లదనం ఆశించవచ్చు? నీడలో, తలుపులు మూసి, లోపలి గాలి మీట మీద, బ్లోవర్ మధ్యస్థంగా ఉంచి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు నడిపితే, 40 డిగ్రీల రోజున మధ్య కన్నంలో 8 నుంచి 14 డిగ్రీలు వస్తే ఆ వయసు బండికి మంచి మార్కులే. 18, 20 అంటే ఇంకా ఏదో మిగిలి ఉంది. కంప్రెసర్ లోపల అరిగి లోహపు పొడి లైనంతా పాకిపోతే మాత్రం లెక్క మారుతుంది. కంప్రెసర్ ఒక్కటే మారిస్తే ఆ పొడి కొత్తదాన్నీ తినేస్తుంది. కండెన్సర్, డ్రయర్, వాల్వు అన్నీ మార్చాలి. పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చిన బండి మీద అంత పెట్టాలా వద్దా అన్నది బండి అమ్మితే వచ్చే ధర చూసుకుని నిర్ణయించుకోండి. ఇంజిన్, బాడీ గట్టిగా ఉంటే పెట్టడమే మేలంటాను.

చివరగా, నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. 1990ల నాటి కార్లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. అది ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 2010 నాటికి మన దేశమూ ఆ జాతి వాయువులను వదిలించుకుంది. ఇప్పుడున్న ఆర్-134ఏ ఓజోన్‌ను తినదు, కానీ భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో ఆర్-134ఏ గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కన 1,400 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చిన్న కారులోని 450 గ్రాములు వదిలేస్తే దాదాపు 280 లీటర్ల పెట్రోలు కాల్చినంత. అందుకే 2016లో కిగాలీలో ప్రపంచ దేశాలు వీటినీ తగ్గించాలని ఒప్పుకున్నాయి, 2021లో మనమూ ఆ ఒప్పందాన్ని ఆమోదించాం. ఇన్ని ఒప్పందాలు జరిగినా, చాలా షాపుల్లో లైను విప్పే ముందు పిన్ను నొక్కి, బుస్సుమని గ్యాస్‌ను గాలికే వదులుతున్నారు. ఎండలు ముదరడం వల్లే కదా మనం ఆ షాపుకు వెళ్లింది.

గ్యాస్‌ను వెనక్కి తీసుకునే రికవరీ యంత్రం మీ ఊళ్లో ఏ షాపులో ఉందో కనుక్కోండి. కాస్త దూరమైనా, కొంచెం ఎక్కువ అడిగినా అక్కడికే వెళ్లండి. యంత్రం లేని షాపువారితో, అది ఉంటేనే మా బండి ఇస్తామని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి.